ఆ పెట్టెలో లేని సీసా

జల్ జీవన్ మిషన్ వచ్చాక ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించారు. మా ఊళ్లో ఆ అయిదుగురిలో మా మరదలు ఒకతె. ఒకనాడు పొద్దున అంగన్‌వాడీ అరుగు మీద ఆమె పరీక్షల పెట్టె తెరిచి కూర్చుంటే పాతికమందిమి చుట్టూ మూగాం. గాజు గొట్టంలో గీత దాకా బోరు నీళ్లు పోసింది. ఫ్లోరైడ్ మందు చుక్కలు లెక్కపెట్టి వేసింది. గొట్టం ఊపి, రంగుల కార్డు పక్కన ఎండకు ఎత్తి చూపింది. గులాబీ రంగు నిలవకుండా పసుపుకు తిరిగింది. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించకూడదంటారు. మా నీళ్లు ఆ గడి దాటాయి.

అందరం ఒకేసారి నిట్టూర్చాం. "మన రాళ్లలోనే ఉండాది, ఏం జేస్తామప్పా" అన్నాడొకాయన. ఆ మాట అందరికీ నచ్చింది, నాకు కూడా. రాళ్లలో ఉన్న విషానికి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు.

అప్పుడు మా చేలో ముప్పై ఏళ్లు కలుపు తీసిన అవ్వ ఒకామె ముందుకు వంగి, పెట్టెలోని సీసాల వైపు వేలు చూపి అడిగింది: "ఇన్ని సీసాలుండాయి కదమ్మా, గడ్డిమందుకు ఏది?"

మా మరదలు ఒక్కొక్కటీ తీసి చదివింది. పీహెచ్, కాఠిన్యం, క్లోరైడ్, నైట్రేట్, ఇనుము, క్లోరిన్. మురికి కలిస్తే నల్లబడే సీసా ఒకటి. అన్నీ చదివి "లేదవ్వా" అంది. నా వైపు చూసి "ఏం బావా, లేదు కదా?" అంది.

నేను తలూపాను. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు పరీక్షకు తెచ్చిన నీళ్లు మా చేనికి దిగువన ఉన్న బోరువి. అంతకు ముందు వారమే మా మొక్కజొన్నలో గడ్డిమందు కొట్టాను. అక్కడున్న పాతికమందిలో సగం మందికి నాలాగే సొంత మందు ట్యాంకు ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. పెట్టె మూశారు, ఇళ్లకు వెళ్లాం.

ఆ మౌనం లెక్క రాద్దామని కూర్చున్నాను. ఇంకొకరి మీద నెట్టడానికి దారులు లేకపోలేదు. మందు తయారుచేసినవాళ్లు ఉన్నారు, అమ్మినవాళ్లు ఉన్నారు, ఆ సీసా పెట్టకుండా పెట్టె పంపినవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతి వాళ్లది. ట్యాంకు నా భుజానికి తగిలించుకున్నది మాత్రం నేను. అందుకని నాకు తెలిసిన వైపు నుంచే, మా వైపు నుంచే చెప్తాను.

మాది అనంతపురం జిల్లా గుమ్మఘట్ట. ఆ పేరంటే బయటివాళ్లకు కరువు. జైసల్మేరు తర్వాత దేశంలో వాన తక్కువ పడే జిల్లా మాదని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు, అదీ అన్ని ఏళ్లూ కాదు. నీళ్లంటే మాకు భక్తి. పైన కర్ణాటకలో వేదవతి మీద 1907లో కట్టిన మారికణివె డ్యాము 1933 తర్వాత మళ్లీ 2022లో పొర్లింది. ఆ ఏరే మాకు హగరి. ఆ నీళ్లు మా భైరవానితిప్ప డ్యాము దాకా వస్తే ముసలీ ముతకా అందరం చూడ్డానికి పోయాం. టెంకాయలు కొట్టాం, పసుపు కుంకుమ చల్లాం. నేను చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాను. అదే చేతులతో ఆ ఏడే మందు ట్యాంకును ఆ దిగువ బోరుకు దగ్గర్లోనే కడిగాను. ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేశాడని ఇప్పుడు ఆలోచిస్తే నాకే అందడం లేదు. అప్పుడు మాత్రం రెంటికీ పొంతన లేదని ఒక్కసారి కూడా అనిపించలేదు.

గడ్డిమందు మా ఊళ్లోకి దొంగతనంగా రాలేదు. మేమే పిలిచాం, పిలవడానికి కారణం కూడా ఉంది. చెనిక్కాయకు రెండు మాట్లు కలుపు తీయాలి. అదను మూడు నాలుగు రోజులు మించదు, ఊరందరికీ అవే రోజులు. ఆడపిల్లలు రాయదుర్గం బట్టల పనికి పోతున్నారు, కుటుంబాలకు కుటుంబాలు బెంగళూరుకు పోతున్నాయి. ఎద్దులు అమ్ముకున్నాక గుంటక తోలేవాడు లేడు. అట్లాంటప్పుడు ఒక పొట్లం, పదిహేను లీటర్ల ట్యాంకు, ఒక మనిషి, ఒక పూట చాలంటే ఎవరైనా కాదంటారా? నేను కాదనలేదు. మొదటి ఏడు చేను చూసి సంబరపడ్డాను కూడా. కలుపు లేని చేను అంత శుభ్రంగా ఉంటుందని అంతకు ముందు నాకు తెలియదు.

అయితే ఇదంతా గతిలేక చేశానంటే అబద్ధమవుతుంది. గతిలేని ఏళ్లు ఉన్నాయి, నిజమే. కూలీలు దొరికిన ఏళ్లు కూడా ఉన్నాయి. అవ్వ వాళ్లు వచ్చి మా గడపలో నిలబడి "కలుపుకు రమ్మంటావా?" అని అడిగిన ఏళ్లు. "ఈసారి మందు కొట్టేస్తాలే అవ్వా" అన్నాను. ఆమె మాట్లాడకుండా కొడవలి చంకలో పెట్టుకుని వెళ్లింది. పోయింది కూలి ఒక్కటే అయితే ఆ పాపం అక్కడితో ఆగేది. కలుపు తీసే ఆడవాళ్లు ఇంటికి పోతూ పోతూ కొంగు నిండా గురుగాకు, దొగ్గలాకు, చెంచలాకు కోసుకుపోయేవాళ్లు. మాకు కలుపైనది వాళ్లకు కూర. మందు కొట్టిన చేలో ఆ ఆకు లేదు, ఉన్నా తినే ధైర్యం లేదు. మేం చంపిన గడ్డిలో ఒక ఇంటి రాత్రి కూర ఉందని మాకు తెలుసు. తెలిసే చేశాం.

అవ్వకు చదువు రాదు. అయినా ఆ పెట్టెలో గడ్డిమందుకు సీసా లేదని కనిపెట్టింది ఆమే. మాకు తట్టకపోయింది తెలివి తక్కువై కాదు. అడిగితే జవాబు ఎటు తిరుగుతుందో మాకు ముందే తెలుసు.

మందు డబ్బాల మీద వజ్రం ఆకారంలో రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువుకున్నవాణ్ని కనక ఊళ్లో చాలామందికి ఆ గుర్తు అర్థం నేనే చెప్పాను. "ఇది ఎరుపు కాదులే, ఏం కాదు" అని ధైర్యం కూడా చెప్పాను. ఆ రంగు చెప్పేది మనిషి లోపలికి పోతే మందు ఎంత తొందరగా చంపుతుందో అంతవరకే. నీళ్లలో ఎన్నాళ్లు నిలుస్తుందో, ఎంత దూరం ప్రయాణం చేస్తుందో, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తాగితే ఏమవుతుందో ఆ రంగులో లేదు. సగం తెలిసినవాడు ఇచ్చిన ధైర్యం అసలు తెలియనివాడి భయం కన్నా ఎక్కువ చెడుపు చేస్తుందని నావల్లే రుజువైంది.

ఒక లెక్క చెప్తాను. ఇది ఎవరో చెప్పింది కాదు, కాగితం మీద నేనే వేసుకున్నాను. మొక్కజొన్నకు కొట్టే అట్రజిన్ అరకిలో పొట్లంలో అసలు మందు యాభై శాతం, అంటే 250 గ్రాములు. తాగే నీళ్లకు మన దేశపు ప్రమాణం, ఐఎస్ 10500, అట్రజిన్‌కు పెట్టిన హద్దు లీటరుకు 2 మైక్రోగ్రాములు. అమెరికాలో 3. యూరప్‌లో దాదాపు ఏ పురుగుమందుకైనా, గడ్డిమందుకైనా 0.1 మాత్రమే. మన హద్దు ప్రకారమే వేసినా ఆ ఒక్క పొట్లం పన్నెండున్నర కోట్ల లీటర్ల నీళ్లను హద్దు దాకా తేగలదు. పాతిక ఎకరాల చెరువులో నాలుగడుగుల లోతున నిలిచిన నీళ్లంత. చేలో చల్లిందంతా నీళ్లలోకి రాదు, ఆ మాట కూడా చెప్పాలి. మట్టిలోని సూక్ష్మజీవులకు, ఎండకు చాలా భాగం చెడిపోతుంది. కానీ అట్రజిన్ నెలల తరబడి మిగులుతుంది, నీళ్లతో పాటు లోపలికి దిగుతుంది. గట్ల మీద గడ్డికి కొట్టే గ్లైఫోసేట్ మట్టిని పట్టుకుని ఉండి, ఆ మట్టి కొట్టుకుపోయినప్పుడు దాంతో పాటే పోతుంది. మా వానలు ఎట్లా పడతాయో చెప్పనక్కర్లేదు. నెల రోజులు ఎండగట్టి, ఒక రాత్రిలో కుమ్మరిస్తాయి. విత్తిన రెండు మూడు రోజుల్లో మందు కొడతాం, ఆ మీద వాన పడితే చేలో నీళ్లు ఎర్రగా వంకలోకి దిగుతాయి. వంక కుంటలోకి, కుంట నీళ్లు బోరులోకి.

మా చేలో పంట కుంట ఉంది. పంట సంజీవని పథకం రోజుల్లో జిల్లా అంతా తవ్వించినట్టే నేనూ తవ్వించుకున్నాను. చేలో పడ్డ చుక్క చేలోనే నిలవాలని అందరికీ చెప్పి తిరిగాను. చుక్క నిలిచింది. చుక్కతో పాటు ఇంకేం నిలిచిందో వంగి చూడలేదు. నీళ్లు దండిగా ఉన్న కృష్ణా గట్టున కొంత విషం పలచనవుతుందేమో. మా దగ్గర పలచన చేయడానికి నీళ్లేవి? కరువు నేలలో విషం చిక్కబడుతుంది. ఈ మాట మిగతా అందరికన్నా మాకు ముందు తట్టాల్సింది, అందరికన్నా ఆలస్యంగా తట్టింది.

సర్కారు అడ్డం పడలేదా అంటే, పడింది. 2018లో రెండు తెలుగు రాష్ట్రాలూ గ్లైఫోసేట్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. అది నీళ్ల కోసం పెట్టింది కాదు. ఆ మందును తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనం పాకిపోతోందని పెట్టారు. 2022 అక్టోబరులో కేంద్రం ఇంకొంచెం ముందుకెళ్లి, పురుగు నివారణ లైసెన్సు ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ గ్లైఫోసేట్ వాడకూడదంది. అంటే నేను వాడకూడదు. ఆ వార్త పేపర్లో చదివాను, చదివి మా తమ్ముడికి వినిపించాను కూడా. ఆ తర్వాత గట్ల మీద గడ్డికి కావాలని అంగట్లో అడిగాను. దొరికింది. బిల్లు అడగలేదు, ఇవ్వలేదు. అమ్మినవాడిది తప్పే. కానీ కొనేవాడు లేకపోతే అమ్మేవాడు ఉండడని మిగతా విషయాలన్నిటిలో నీతి చెప్పేవాణ్ని నేను. నా విషయంలో ఆ నీతి అంగడి మెట్లు దిగేసరికి మరిచిపోయాను.

ఇంకో సౌకర్యం వచ్చింది, అది మా కళ్లకు గంతలు కట్టింది. ఊళ్లో ఫిల్టర్ నీళ్లు వచ్చాయి. ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకునే స్తోమత ఉన్నవాళ్లం బోరు నీళ్లు తాగడం మానేశాం. మానేసిన రోజు నుంచి బోరు నీళ్ల గురించి మాట్లాడటం కూడా మానేశాం. గ్రామసభలో నీళ్ల గురించి గట్టిగా అడిగే గొంతులు మావే. ఆ గొంతులు క్యాను నీళ్లతో చల్లబడ్డాయి. బోరు దగ్గర మిగిలింది ఎవరు? క్యాను కొనలేని ఇళ్లు, కూలికి పోయి చేలగట్ల మీద దప్పిక తీర్చుకునేవాళ్లు, గొర్రెలు, ఎద్దులు, పిట్టలు. వీళ్లలో పంచాయతీకి అర్జీ రాసేవాళ్లు ఎవరూ లేరు.

ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి పేపర్లో వచ్చినప్పుడల్లా బాధపడ్డాం. అక్కడ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు, గడ్డిమందే అని నేను అనను. నేను చెప్పేది వేరు. పక్క దేశం శ్రీలంకలో అట్లాంటి కిడ్నీ జబ్బు భయంతోనే 2015లో గ్లైఫోసేట్‌ను నిషేధించారు, 2018లో టీ, రబ్బరు తోటలకు సడలించారు. అదే 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఆ మందును బహుశా క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. దాని మీద వాదోపవాదాలు నడుస్తున్నాయి. శ్రీలంక వాళ్లు సరిగ్గా చేశారో లేదో గానీ, అక్కడ ఆ ప్రశ్న వీధిలోకి వచ్చింది. మా దగ్గర ప్రశ్న ఒక అవ్వ నోట్లోంచి వచ్చి అరుగు మీదే ఆగిపోయింది.

అవ్వ అడిగాక నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది. నిజం చెప్పాలంటే పట్టింది. కొన్నాళ్ల తర్వాత ఒక పూట తీరికగా కూర్చుని, అట్లాంటి సీసా ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అని వెతికి చదివాను. ఉంది. సీసా కాదు, పట్టీ. గర్భం నిలిచిందో లేదో చూసుకునే పట్టీ, కరోనా రోజుల్లో ముక్కులోంచి తీసి చూసుకున్న పట్టీ, అదే కుటుంబం. అమెరికా మొక్కజొన్న రాష్ట్రాల్లో ఏటి నీళ్లలో అట్రజిన్ ఉందేమో ముందుగా జల్లెడ పట్టడానికి 1990 ప్రాంతం నుంచే ఇదే సూత్రం మీద నడిచే పరీక్షలు వాడుతున్నారు.

అది పనిచేసే తీరు చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. పట్టీ మీద అట్రజిన్‌ను గుర్తుపట్టి పట్టుకునే ప్రతిరక్షకాలు ఉంటాయి. నీళ్లలో మందు లేకపోతే అవి ఖాళీ చేతులతో ముందుకు పోయి గీత దగ్గర అతుక్కుంటాయి, గీత ఎర్రగా తేలుతుంది. నీళ్లలో మందు ఉంటే దారిలోనే వాటి చేతులు నిండిపోతాయి, గీత పడదు. అంటే గీత కనబడితే భయం లేదు. ఆ గీత కనబడకపోతేనే భయపడాలి. ఇన్నేళ్లూ మా ఊళ్లో ఏమీ కనబడకపోవడాన్ని మేం క్షేమం అనుకున్నాం.

ఆ పట్టీ అన్నిటికీ మందు కాదు. ఒక పట్టీ ఒక మందునే పడుతుంది. బురద నీళ్లను వడగట్టి పెట్టాలి. గ్లైఫోసేట్ అణువు మరీ చిన్నది కనక ముందు ఇంకో రసాయనంతో కలిపి సిద్ధం చేస్తే తప్ప ప్రతిరక్షకం గుర్తుపట్టదు. అనుమానం తేలిన నమూనాను గాజు సీసాలో, ఎండ తగలకుండా, మంచు పెట్టి పెద్ద ల్యాబుకు పంపాలి, అక్కడి యంత్రాలే ఖాయం చేస్తాయి. ఇంకో సంగతి. ఐఎస్ 10500 జాబితాలో అట్రజిన్, అలాక్లోర్, బ్యూటాక్లోర్, ఐసోప్రొట్యూరాన్, 2,4-డి ఉన్నాయి గానీ గ్లైఫోసేట్ లేదు. కాబట్టి జాబితా చూసి పరీక్ష చేసేవాళ్లు మా గట్ల మీద మేమేం కొట్టామో వెతకరు. వెతకాలంటే ఎవరో ఒకరు చెప్పాలి.

ఇక్కడికి వచ్చేసరికి నాకు అసలు సంగతి అర్థమైంది. ఫ్లోరైడ్‌కు చుక్క వేస్తే రంగు తిరుగుతుంది, అది అన్ని ఊళ్లకూ ఒకటే. గడ్డిమందులు పదుల రకాలు. ఏ పట్టీ తేవాలి, ల్యాబు ఏ మందు కోసం వెతకాలి, ఏ వాన తర్వాత నీళ్లు పట్టాలి, ఇవి తెలిసినవాళ్లు ఢిల్లీలో లేరు, అనంతపురంలో లేరు. మా చేలో నేనేం కొట్టానో, ఏ రోజు కొట్టానో, ట్యాంకు ఎక్కడ కడిగానో నాకొక్కడికే తెలుసు. అవ్వ అడిగిన రోజు పెట్టెలో సీసా లేదన్నది నిజం. కానీ సగం జవాబు నా గుడిసెలో, అటక మీద, ఖాళీ డబ్బా రూపంలో ఉంది. నేను నోరు తెరిస్తే పరీక్ష అక్కడే సగం మొదలయ్యేది.

తెరవలేదు. ఆ పంట అయిపోనీ అనుకున్నాను. తర్వాత కందులు కోసేదాకా ఆగుదామనుకున్నాను. గీత పడకపోతే దిగువ చేనువాళ్లకు ఏం చెప్పాలన్న భయం కొంత. నా ఒక్కడి పేరే బయటపడుతుందన్న భయం ఇంకొంత. అందరూ కొడుతున్నారు కదా అన్న మాట ఎప్పుడూ చేతికందేలా ఉండేది, అవసరమైనప్పుడల్లా దాన్నే కప్పుకున్నాను.

మందు లేకుండా బతకలేమని కూడా నేను అనలేను. జిల్లా విడిపోక ముందు మా జిల్లాలోనే ఉన్న చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు 1990 నుంచి ఎండిన నేలను బతికించుకుంటూ వచ్చారు. ప్రకృతి సేద్యంలో వానలకు ముందే నవధాన్యాలు చల్లి, నేలను ఎప్పుడూ పచ్చగా కప్పి ఉంచే రైతులు మా మండలాల్లో ఉన్నారు. నేల కప్పు ఉంటే కలుపు తగ్గుతుందని వాళ్ల చేలు చూపించాయి. వాళ్ల చేలు చూడ్డానికి వెళ్లాను, మెచ్చుకున్నాను, ఫొటోలు తీసుకున్నాను. ఇంటికొచ్చి, పెద్ద కమతాలకు కుదరదులే అన్నాను. నాది నాలుగెకరాలు.

మొన్న వాన పడ్డాక మా మరదలు మళ్లీ పెట్టె తెరిచింది. ఆమె దగ్గర పరీక్షల రిజిస్టరు ఉంటుంది, పొడుగాటి పుస్తకం. పరీక్ష అయ్యాక దాన్ని అడిగి తీసుకున్నాను. వెనక వైపు ఖాళీ పేజీ తిప్పి, పైన మా పేరు, చేని సర్వే నంబరు రాశాను. కింద మూడు మందుల పేర్లు, కొట్టిన నెలలు, ఎన్ని ట్యాంకులు, కడిగిన చోటు రాశాను. కడిగిన చోటు దగ్గర చెయ్యి కొంచెంసేపు ఆగింది. దిగువ బోరుకు ఎంత దూరమో కూడా అడుగులు లెక్కపెట్టి వచ్చి రాశాను. అది డెబ్బై అడుగులు.

మా మరదలు చదివి "ఇది పైకి పంపమంటావా బావా?" అంది. పంపమన్నాను. తర్వాత అవ్వ ఇంటికి పోయి ఆ పేజీ చదివి వినిపించాను. ఆమె గొర్రెలు తాగేది ఆ దిగువ బోరు నీళ్లే. ఆమె కోప్పడుతుందనుకున్నాను. "అప్పుడే చెప్పుంటే అయిపోయేది కదప్పా" అంది, అంతే.

ఆ పేజీలో నా పేరు కింద ఇంకా చాలా గీతలు ఖాళీగా ఉన్నాయి. ఊళ్లో అందరికీ చెప్పాను, ఇప్పటిదాకా ఎవరూ వచ్చి రాయలేదు. వాళ్లను ఒక మాట అనడానికి నాకు నోరు రాదు. నేను రాయడానికే రెండు పంటలు పట్టింది.